నేర్పాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినదాని సారాంశం ఇది. ఒకే రంగంలో చాలా ఏళ్లు పనిచేశారు, పని మీద పట్టుంది, తెలిసినది మరొకరికి అందించాలని ఉంది. కానీ మీరు ఉపాధ్యాయులు కారు, తరగతులు పెట్టి చెప్పేంత తీరిక లేదు, అడగనివాళ్లకు చెప్పబోతే చాదస్తం అనుకుంటారన్న జంకు కూడా ఉంది. రోజువారీ పనుల మధ్య నేర్పే అవకాశం ఎక్కడ దొరుకుతుంది, దొరికితే ఎలా నేర్పాలి, తెలిసినదంతా రాసిపెడితే ఎవరికైనా పనికొస్తుందా అని మూడు ప్రశ్నలు వేశారు.

నేను లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. కొత్తగా చేరినవాళ్లను కొన్నాళ్లపాటు నా పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. అందుకని నా ఉదాహరణలు ఎక్కువగా పద్దుల చుట్టూ తిరుగుతాయి. మీ రంగానికి అన్వయించుకోవడం కష్టం కాదు.

అవకాశం ఎక్కడ అంటే, మీరు ఇప్పటికే చేస్తున్న పనిలోనే. నేర్పడానికంటూ విడిగా సమయం దొరికాక మొదలుపెడదామనుకున్నవాళ్లు ఎవరూ మొదలుపెట్టగా నేను చూడలేదు. ఎలాగూ చేయవలసిన పనికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి, చేస్తూ మీ ఆలోచనను పైకి అనండి. "ఈ మొత్తం చూడగానే అనుమానం వచ్చింది, పోయిన నెల ఇందులో సగం కూడా లేదు. అందుకే ఓచరు తీయిస్తున్నాను." (ఓచరు అంటే ఆ పద్దుకు రుజువుగా ఉండే కాగితం.) ఇంతే. చేతులు చేసే పని ఎవరికైనా కనిపిస్తుంది. ఏది చూసి ఏ నిర్ణయానికి వచ్చారన్నది మాత్రం మీరు నోరు తెరిస్తే తప్ప ఎవరికీ తెలియదు. అనుభవం అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో ముప్పాతిక భాగం ఈ కనిపించని లెక్కే.

పక్కన కూర్చున్నవాళ్లకు ఏ పని ఇవ్వాలన్నది అసలు చిక్కు. దీనికి నాకు దొరికిన మంచి జవాబు దర్జీల దగ్గరిది. జీన్ లేవ్ అనే మానవ శాస్త్రవేత్త లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను గమనించారు. అక్కడ కూర్చోబెట్టి పాఠం చెప్పడం దాదాపు ఉండదు, అయినా పని అప్పగించే వరుస మాత్రం పక్కాగా ఉంటుంది. కుర్రాడు ముందు గుండీలు కుడతాడు, అంచులు మడిచి కుడతాడు. ఆ తర్వాత ముక్కలను కలిపి కుట్టడం. గుడ్డ కత్తిరించడం ఆఖరున. దుస్తులు తయారయ్యే క్రమానికి ఇది సరిగ్గా తలకిందులు. గుండీ వంకరగా పడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు, గుడ్డ తప్పుగా కత్తిరిస్తే పోయినట్టే. పైగా గుండీలు కుట్టేవాడి చేతిలో ఉండేవి దాదాపు పూర్తయిన దుస్తులు, కాబట్టి ఏ ముక్క ఎక్కడ కలుస్తుందో రోజూ కళ్లారా చూస్తుంటాడు. లేవ్ 1991లో ఎటియెన్ వెంగర్‌తో కలిసి ఇలాంటి పరిశీలనల మీద ఒక సిద్ధాంతమే ప్రతిపాదించారు. కొత్తవాళ్లు చిన్నదైనా నిజమైన పనితో అంచున మొదలై, క్రమంగా మధ్యకు చేరుతారన్నది దాని సారం.

"నిజమైన పని" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. నేర్పడం కోసమని ఉత్తుత్తి పనులు పుట్టించేవాళ్లున్నారు. చేసినా చేయకపోయినా తేడా పడని పని మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు, కొత్తవాళ్లు దాన్ని వాసన పట్టేస్తారు.

దర్జీల వరుసను మా పనికి ఇలా మలుచుకోవచ్చు. నెలాఖరులో మన పుస్తకంలోని బ్యాంకు నిల్వను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసే పని ఉంటుంది. కొత్త మనిషికి ఖాళీ కాగితమిచ్చి చేయమంటే బిక్కమొహం వేస్తారు. పోయిన నెల పూర్తిచేసిన పట్టిక చేతికిచ్చి, ప్రతి పద్దూ ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి టిక్కు పెట్టమనండి. మరుసటి నెల పట్టికలో చివరి రెండు పద్దులు ఖాళీగా వదిలి వాళ్లతో పూరించండి. ఆ పై నెల సగం. చివరికి మొత్తం వాళ్లది, సరిచూడడం మీది. ఇది కేవలం ఆఫీసు చిట్కా కాదు. పూర్తిగా కొత్త విషయంలో సమస్యతో సొంతంగా కుస్తీ పట్టడం కన్నా, చేసి చూపించిన ఉదాహరణలను చదివినవాళ్లు మొదట్లో త్వరగా నేర్చుకుంటారని జాన్ స్వెల్లర్ 1980లలో బీజగణితం లెక్కలతో చూపించారు. పట్టు చిక్కాక అవే ఉదాహరణలు అడ్డమవుతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఎప్పుడు చూపించాలన్నదాని కంటే ఎప్పుడు చూపించడం మానాలన్నది ఎక్కువ కష్టం. మనకు చూపించడమంటే సరదా కదా!

రెండో అవకాశం మీ దగ్గరకు నడిచి వస్తుంది. "ఇది కాస్త చూసిపెడతారా?" అంటూ వస్తుంది. దీన్ని చాలామంది పనికి అంతరాయం అనుకుని, రెండు నిమిషాల్లో చేసిచ్చి పంపేస్తారు. నాకు మాత్రం రోజు మొత్తంలో అంతకంటే విలువైన క్షణం లేదు, ఎందుకంటే ఎదుటి మనిషి అప్పటికే తలబద్దలు కొట్టుకుని ఉంటారు. తెలుసుకోవాలన్న ఆకలి మీరు పుట్టించనక్కర్లేదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా ఉన్నాయో లేదో చూసే పట్టిక, కలవడం లేదు, డెబిట్ వైపు 1,800 తక్కువ వస్తోంది. గంట నుంచి లెడ్జర్లు (ఖాతా పుస్తకాలు) తిరగేస్తున్న అమ్మాయి మీ దగ్గరకు వచ్చింది. తేడా వినగానే సంగతేమిటో మీకు తట్టేసింది. అలవాటైన చేయి కాబట్టి మీరే వెతికితే రెండు నిమిషాలు. అలా చేయకండి. "దాన్ని తొమ్మిదితో భాగించి చూడమ్మా" అని ఊరుకోండి. శేషం లేకుండా 200 వస్తుంది. ఆమె "అయితే?" అన్నట్టు చూస్తుంది. "ఒక కాగితం మీద 86 రాయి. దాన్నే తిరగేసి 68 రాయి. తేడా ఎంత?" పద్దెనిమిది. "52, 25?" ఇరవై ఏడు. "91, 19?" డెబ్బై రెండు. అన్నీ తొమ్మిదో ఎక్కంలోవేనని ఆమె తనంతట తాను అనేదాకా మీరు పెదవి విప్పకూడదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. ఇక్కడ 200 వచ్చింది గనక, వేల స్థానంలో, వందల స్థానంలో రెండు తేడా ఉన్న అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడాలి. ఆమె వెళ్లి వెతుక్కుంటుంది. 8,640 పడాల్సిన చోట 6,840 పడి ఉంటుంది. తొమ్మిదితో భాగింపబడినంత మాత్రాన కారణం అదే కావాలని లేదని కూడా చెప్పండి, లేకపోతే రేపు ప్రతి తేడాకూ ఇదే మంత్రం వేస్తుంది.

రెండు నిమిషాల పనికి పావుగంట పట్టింది. వచ్చే నెల తేడా 700 వస్తే మళ్లీ వస్తుంది, అది తొమ్మిదితో భాగింపబడదు కాబట్టి. దాన్ని సగం చేసి 350 కోసం వెతకమనండి. ఒకవైపు వేయాల్సిన పద్దును రెండో వైపు వేస్తే తేడా రెట్టింపవుతుంది. ఆ తర్వాతి నెల ఆమె మీ దగ్గరకు రాదు. పక్క సీటులోని మనిషికి ఆమే చెబుతుంటుంది.

సాయం ఎంత చేయాలన్నదానికి ఒక కొలత ఉంది. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో చెక్క దిమ్మెలు పేర్పిస్తూ, పక్కనున్న పెద్దవాళ్ల సాయం ఎలా ఉండాలో పరిశీలించారు. భవనం కట్టేటప్పుడు వేసే పరంజాతో దాన్ని పోల్చారు. పిల్లవాడు తడబడితే సాయం ఒక మెట్టు పెంచాలి, చేయగలిగితే ఒక మెట్టు తగ్గించాలి. పెద్దవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ముందు ఒక ప్రశ్న, దానికి కదలకపోతే ఒక సూచన, అప్పటికీ కాకపోతే ఒక ఉదాహరణ. చేతిలోంచి పని లాక్కోవడం అన్నిటికంటే చివర.

ఈ లాక్కోవడం అనే జబ్బు ఇళ్లలో మరీ ఎక్కువ. తల్లికో తండ్రికో ఫోనులో డబ్బు పంపడమో, ఫోటో పంపడమో నేర్పుతున్నామంటూ ఫోను మన చేతిలోకి తీసుకుంటాం. చకచకా నాలుగు చోట్ల నొక్కి "చూశారా, ఇంతే" అంటాం. వాళ్లు తల ఊపుతారు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, మనకు విసుగు, వాళ్లకు చిన్నతనం. ఒకే ఒక్క నియమం పెట్టుకోండి: ఫోను వాళ్ల చేతిలోంచి కదలకూడదు. మీ చేతులు కట్టుకుని కూర్చోండి. "ఇప్పుడు తెర మీద మీకు ఏం కనబడుతోంది?" అని అడగండి. వాళ్లు చదువుతారు, వెతుకుతారు, ఒకటి నొక్కుతారు, ఇంకేదో తెరుచుకుంటుంది. అది కూడా మంచిదే. వెనక్కి రావడం ఎలాగో ముందు నేర్పండి. ఎక్కడికి వెళ్లినా తిరిగి రాగలమన్న ధీమా వచ్చాక మిగతాది సగం వాళ్లే నేర్చుకుంటారు. వేగంగా తిరిగే వేలు కంటికి ఆనదు. తడుముకుంటూ నొక్కిన వేలు మాత్రం గుర్తుంచుకుంటుంది.

మౌనం గురించి కూడా చెప్పాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లోని సంభాషణలను టేపుల్లో రికార్డు చేసి పరిశీలించారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, తర్వాత తామే అందుకుంటున్నారని 1970లలో చూపించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగయ్యాయి, జవాబు చెప్పకుండా కూర్చునేవాళ్లు తగ్గారు. మూడు సెకన్లంటే ఏమంత అనిపిస్తుంది. ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని ప్రశ్న వేసి, మనసులో లెక్కపెట్టి చూడండి, ఎంత ఇబ్బందో తెలుస్తుంది.

బాగా తెలిసినవాళ్లు సరిగా ఎందుకు నేర్పలేరన్న సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరు బాగా తెలిసినవారు. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. అందరికీ తెలిసిన పాటను మనసులో పాడుకుంటూ దాని లయను బల్ల మీద వేళ్లతో కొట్టాలి, వినేవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో వినేవాళ్లు పోల్చుకున్నవి మూడంటే మూడు. కొట్టేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది. వినేవాళ్లకు వినిపించేది ఉత్త టకటకలు. మీరు "దీన్ని సస్పెన్స్‌లో పడేసి తర్వాత సరిచేద్దాం" అన్నప్పుడు మీకు ఒక కథంతా తెలుసు, కొత్త మనిషికి మూడు తెలియని మాటలు వినిపించాయి. దీనికి మందు, నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ల చేత చెప్పించడం. ఎక్కడ కాలు జారుతుందో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది.

ఇదేమీ కొత్త ఊహ కాదు. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులోని ఒక అనాథ బాలుర బడిని చూసుకున్న ఆండ్రూ బెల్, కాస్త ముందున్న పిల్లల చేతనే వెనకున్న పిల్లలకు చదువు చెప్పించారు. 1797లో లండన్‌లో దాని గురించి ప్రచురించారు. ఇంచుమించు అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ లండన్‌లోని తన బడిలో ఇలాంటి పద్ధతినే నడిపించారు, అది చాలా దేశాలకు పాకింది. వందల మంది పిల్లలను ఒక్క మాస్టారి కింద కుక్కి వల్లె వేయించిన ఆ బడులను నేను మెచ్చుకోను. అందులోని మూల సూత్రం మాత్రం గట్టిది. నేర్పే పిల్లవాడు తానూ గట్టిగా నేర్చుకుంటాడు. అందుకే మీ దగ్గర ఒకరు ఒక పని నేర్చుకోగానే, తర్వాత వచ్చినవాళ్లకు అది నేర్పే బాధ్యత వాళ్లకే ఒప్పగించండి. మీకు సమయం మిగులుతుంది, వాళ్లకు పట్టు పెరుగుతుంది.

ఇక మీ జంకు సంగతి. అడగని సలహా చాదస్తంగానే వినిపిస్తుంది, అందులో మీ భయం నిజమే. అయితే అడిగించుకునే మార్గాలున్నాయి. అన్నిటికంటే తేలికైనది, మీ పనిని వాళ్ల చేత తనిఖీ చేయించడం. "నేను వేసిన ఈ పట్టిక ఒకసారి చూడండి, ఏదైనా తేడాగా ఉంటే చెప్పండి" అనండి. ఎంత చిన్నవాళ్లయినా దీనికి ముఖం చిట్లించరు. చూస్తూ చూస్తూ "ఇక్కడ ఇలా ఎందుకు చేశారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి వచ్చింది కాబట్టి జవాబు చెవికెక్కుతుంది. ఎవరైనా ఇబ్బందిపడుతున్నట్టు కనిపిస్తే "నేను చూడనా, మీరే చేసుకుంటారా?" అని అడిగి, రెండో జవాబు వస్తే నిజంగానే తప్పుకోండి. కొందరికి నేర్చుకోవాలని ఉండదు, ఆ పూటకు పని గడిస్తే చాలు. మర్నాడు గడువున్న మనిషికి పాఠం చెప్పడం హింస. చేసిపెట్టేయండి, మరో రోజు చూద్దాం.

తప్పు చెప్పవలసి వచ్చినప్పుడు మాట పని మీదే ఉండాలి. 1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినిసి అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కూర్చి చూస్తే, చేసిన పని గురించి అభిప్రాయం చెప్పడం వల్ల సగటున మేలే జరిగింది గానీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదకు మళ్లినకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్ల వివరణ. "మీకు శ్రద్ధ లేదు" అంటే ఆ మనిషి తన శ్రద్ధను సమర్థించుకునే పనిలో పడతారు, పద్దు అలాగే ఉండిపోతుంది. "ఈ మూడో పద్దుకు ఓచరు లేదు" అంటే వెళ్లి ఓచరు వెతుకుతారు. పొగడ్తకూ ఇదే తూకం. "చాలా తెలివైనవారు" అన్నదానితో ఎవరూ ఏమీ చేసుకోలేరు. "తేడా రాగానే ముందు పోయిన నెలతో పోల్చారు చూడండి, అది మంచి అలవాటు" అంటే రేపు కూడా పోలుస్తారు.

చెప్పింది అందిందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. దాని బదులు చేయించి చూడండి, అదీ రెండు మూడు రోజులు గడిచాక. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, మళ్లీ చదవకుండా గుర్తున్నది రాసి చూసుకున్నవాళ్లు ముందుకొచ్చారు. అప్పటికప్పుడు బాగా వచ్చినట్టు అనిపించడం నమ్మదగ్గ కొలత కాదు. "మొన్న తొమ్మిది గురించి అనుకున్నాం కదా, ఎందుకలా అవుతుందో ఒకసారి మీరు చెప్పండి" అంటే అదే పరీక్ష, అదే పాఠం కూడా.

మీరు నేర్పడంతో పాటు దారి చూపడం గురించి కూడా రాశారు. అది నెమ్మదిగా, ఏళ్ల మీద జరిగేది, దానికి పద్ధతులు తక్కువ. నా లెక్కలో అందులో సగం, మీరు వెళ్లే సమావేశానికి వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం, బయటికొచ్చాక "ఆయన ఆ మాట ఎందుకన్నట్టు?" అని మాట్లాడుకోవడం. మిగతా సగం, వాళ్లు లేని చోట వాళ్ల పని గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం. ఉద్యోగం మారాలా, పై చదువు చదవాలా వంటి ప్రశ్నలకు మీ జీవితాన్ని నమూనాగా చూపించకండి. మీ కాలం వేరు. ఏ సంగతులు తూచి చూసుకోవాలో చెప్పి, తూచే పని వాళ్లకు వదిలేయండి.

రాసిపెట్టడం గురించి. తప్పకుండా పనికొస్తుంది, అయితే "నా అనుభవాలు" అని మొదలుపెడితే ఎవరూ చదవరు, ముందు మీరే పూర్తిచేయరు. ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే పని ఒకటి తీసుకోండి. అలాంటివే అందరూ మరిచిపోతారు. ఈసారి ఆ పని చేస్తున్నప్పుడే, పనిలో పనిగా, ఒక్కో మెట్టూ రాసుకుంటూ పోండి. పక్కన "ఇక్కడ సాధారణంగా ఏం పొరపాటు జరుగుతుంది" అన్న గడి ఒకటి ఉంచండి, అసలు సరుకు అందులోనే చేరుతుంది. ఒక పేజీ దాటితే రెండు పనులుగా విడగొట్టండి. రాశాక ఆ పని ఎన్నడూ చేయని మనిషికి ఆ కాగితమిచ్చి, చేయమని చెప్పి, పక్కన కూర్చోండి. ఏమడిగినా జవాబివ్వకండి, ముందే చెప్పేయండి జవాబివ్వనని. వాళ్లు ఆగిన చోట, వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన చోట, మీ ముఖం వంక చూసిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. తిరగరాయాల్సింది ఆ వాక్యాలనే.